అగ్ అనే పేరు ఎవరి సొత్తు?

పోయిన డిసెంబరులో మా పిన్ని కూతురు షికాగో నుంచి ఫోన్ చేసింది. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అన్నయ్య తనకు గొర్రెతోలు బూట్లు పంపాడట. చలికి కాళ్లు కొంకర్లు పోతున్న పిల్ల కదా, వేసుకుని సంబరపడింది. మర్నాడు క్లాసులో స్నేహితురాలు వాటిని చూసి, "ఇవి అగ్ కంపెనీవి కావు, డూప్లికేట్‌వి, అసలు లోగో ఇలా ఉండదు" అందట. దాంతో చెల్లికి టెన్షన్ పట్టుకుంది. "అక్కా, అన్నయ్య మోసపోయాడంటావా? దుకాణం బోర్డు మీద అగ్ అనే ఉందట, బిల్లు మీద కూడా అదే ఉంది" అని అడిగింది.

అన్నయ్య మోసపోలేదు. స్నేహితురాలు అన్నదాన్నీ కొట్టిపారేయలేం. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే ఆగిపోయాను. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ బూటు సంగతి చూద్దాం. చాలామంది ఇది తోలు బూటనీ, లోపల ఉన్ని గుడ్డ అతికించారనీ అనుకుంటారు. అసలైన అగ్ బూటులో అతికించేది ఏమీ లేదు. గొర్రె తోలును ఉన్నితో సహా పదును చేస్తారు. మాంసం అంటి ఉండే వైపును అరగదీసి నున్నగా, మెత్తగా తయారుచేస్తారు. కుట్టేటప్పుడు ఉన్ని ఉన్న వైపును లోపలికి తిప్పుతారు. అంటే మన కాలికి తగిలే ఉన్ని, బయటికి కనిపించే మెత్తటి ముఖం (దీన్నే స్వేడ్ అంటారు), రెండూ ఒకే తోలుకు రెండు ముఖాలు. గొర్రె ఒంటి మీద ఉన్ని ఎలా నాటుకుని ఉందో, బూటులోనూ అలాగే నాటుకుని ఉంటుంది.

అది వెచ్చగా ఉండటానికి కారణం ఉన్ని పోగులోనే ఉంది. ఒక్కో పోగూ మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి పోగుకూ పోగుకూ మధ్య గాలి ఇరుక్కుపోతుంది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను ఆవిరి రూపంలో తనలోకి తీసుకున్నా చేతికి తడి తగలదు. అలా తీసుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. ఆస్ట్రేలియాలో చాలామంది వీటిని మేజోళ్లు లేకుండానే వేసుకుంటారు. కాలి చెమటను ఉన్నే పీల్చుకుంటుంది, ఆ తర్వాత మెల్లగా బయటికి వదిలేస్తుంది.

మనకు గొర్రెలు తక్కువేమీ లేవు. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలోనే, సుమారు 1.9 కోట్లు. ఆ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అయినా ఇలాంటి బూటు మన దగ్గర పుట్టలేదు, పుట్టడానికి వీలూ లేదు. మన నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి నిండా ఉండేవి పొట్టి వెంట్రుకలే, ఉన్ని కాదు. దక్కనీ గొర్రెకు ఉన్ని ఉన్నా అది ముతక రకం. గొంగడి నేయడానికి దానికి మించింది లేదు కానీ కాలికి మెత్తగా తగిలే ఉన్ని అది కాదు. అగ్ బూటుకు మెరినో లాంటి సన్న ఉన్ని గొర్రెలు కావాలి. మనుషులకన్నా గొర్రెలు రెట్టింపుకు మించి ఉన్న ఆస్ట్రేలియాలో వాటికి కొదవ లేదు.

ఈ బూటును ఫలానా మనిషి కనిపెట్టాడని చెప్పలేం. గొర్రెల షెడ్లలో ఉన్ని కత్తిరించేవాళ్లు 1920లకే తోలు ముక్కలను కాళ్లకు చుట్టుకునేవారని ఆస్ట్రేలియాలో చెప్పుకుంటారు. బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలోని ఒక కంపెనీ 1933 నుంచీ ఇదే పనిలో ఉన్నామని చెప్పుకుంటుంది. ఇంకోవైపు మొదటి ప్రపంచ యుద్ధంలో, పైకప్పు లేని విమానాల్లో గడ్డకట్టుకుపోతున్న బ్రిటిష్ పైలట్ల కోసం లేనో హాకర్ అనే యుద్ధవీరుడు తొడల దాకా వచ్చే గొర్రెతోలు బూట్లను రూపొందించాడు. వాటిని 'ఫగ్ బూట్లు' అనేవారు. అగ్ అన్న మాటకు అదే మూలమని కొందరంటారు. మరో కథ న్యూసౌత్‌వేల్స్‌లో గొర్రెతోలు కార్ఖానా పెట్టిన ఫ్రాంక్ మోర్టెల్‌ది. బూట్లు చూసి ఆయన భార్య "అసహ్యంగా ఉన్నాయి" అందని, ఇంగ్లీషులో 'అగ్లీ' అన్న ఆ మాటకు మొదటి అక్షరాలే పేరుగా నిలిచాయని, 1958లో ఆ పేరు పెట్టింది తానేనని ఆయన చెప్పేవాడు. వీటిలో ఏది నిజమని తేల్చడం నా వల్ల కాదు. నాకు ముఖ్యమనిపించింది వేరు. ఇంతమంది ఆ పేరు మాదంటే మాదన్నారంటే అది అప్పటికే ఊరందరి నోటా నానుతున్న మాట అన్నమాట.

1960లు వచ్చేసరికి బూట్లు షెడ్డు వదిలి సముద్రతీరానికి చేరాయి. చల్లటి అలల మీద సర్ఫింగ్ చేసి వణుకుతూ బయటికొచ్చిన కుర్రాళ్లు తడి కాళ్లను నేరుగా ఈ బూట్లలో పెట్టేవారు. వాళ్లలో షేన్ స్టెడ్‌మన్ అనే సర్ఫర్ స్వయంగా బూట్లు తయారుచేసి అమ్మాడు. 1971లో ఆస్ట్రేలియాలో 'అగ్ బూట్స్' అన్న పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించాడు. ఆయన రాసిన స్పెల్లింగ్ చివర 'హెచ్' అక్షరం ఉండేది. ఇప్పుడు ఈ పేరుతో బూట్లు అమ్మే అమెరికా కంపెనీ ఒకటుంది, అది వాడే స్పెల్లింగ్‌లో రెండు 'జీ'లు ఉంటాయి. ఒకే 'జీ'తో రాసేవాళ్లూ ఉన్నారు. నోటితో పలికితే మూడూ ఒకటే. ఈ చిన్న తేడా తర్వాత న్యాయపోరాటంలో పెద్ద విషయమే అయింది.

ఇక్కడి నుంచి కథ పసిఫిక్ సముద్రం దాటుతుంది. బ్రయాన్ స్మిత్ అనే ఆస్ట్రేలియన్ 1978లో కాలిఫోర్నియాలో ఈ బూట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి సీజన్లో అమ్ముడైనవి 28 జతలు. అమెరికావాళ్లకు గొర్రెతోలు అంటేనే అనుమానం: వేడిగా ఉంటుందేమో, గుచ్చుకుంటుందేమో, వానకు పాడవుతుందేమో అని. మోడళ్లతో తీసిన ప్రకటనలు పారలేదు. అప్పుడాయన సర్ఫింగ్‌లో పేరు తెచ్చుకుంటున్న కుర్రాళ్లకు బూట్లు తొడిగి, వాళ్లు సముద్రంవైపు నడిచివెళ్తున్న ఫొటోలు వేయించాడు. దాంతో అమ్మకాలు ఊపందుకున్నాయి. 1980లలో రెండు జీల స్పెల్లింగ్‌తో అమెరికాలో ట్రేడ్‌మార్క్ నమోదైంది. 1995లో ఆయన ఆ వ్యాపారాన్ని సుమారు 1.5 కోట్ల డాలర్లకు డెక్కర్స్ అనే కాలిఫోర్నియా కంపెనీకి అమ్మేశాడు. స్టెడ్‌మన్ దగ్గరున్న ఆస్ట్రేలియా ట్రేడ్‌మార్క్ కూడా చివరికి అదే కంపెనీ చేతికి వచ్చింది.

డెక్కర్స్ చేసిన పెద్ద పని బూటును సముద్రతీరం నుంచి ఫ్యాషన్ షాపులోకి తేవడం. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే 2000లో తన సిబ్బంది కోసం 350 జతలు కొంది. 2003లో తనకు ఇష్టమైన వస్తువుల జాబితాలో పెట్టి టీవీలో చూపించింది. అదే రోజుల్లో సినిమా తారలు, మోడళ్లు పొట్టి స్కర్టుల కింద, జీన్స్ మీద వీటిని వేసుకుని కెమెరాలకు చిక్కారు. ఆ తర్వాత కొన్నేళ్లకు మోజు తగ్గింది, వికారంగా ఉన్నాయని ఫ్యాషన్ రచయితలు తీసిపారేశారు. 2020 తర్వాత మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి చీలమండ దాకా మాత్రమే వచ్చే పొట్టివి, ఎత్తయిన అడుగు ఉన్నవి, వెనక తెరిచి ఉండే చెప్పుల్లాంటివి నడుస్తున్నాయి. ఇప్పుడు ఈ ఒక్క బ్రాండు ఏడాది అమ్మకాలే 200 కోట్ల డాలర్లు దాటాయి.

ఆస్ట్రేలియాలో మాత్రం దీని హోదా వేరు. అక్కడ అది ఇంట్లో వేసుకునే జోడు. చలికాలం పొద్దున్నే పేపర్ తెచ్చుకోవడానికి గేటు దాకా వెళ్తే సరే గానీ, వాటితోనే బజారుకు బయల్దేరితే మనిషిని మొరటు రకంగా లెక్కేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన దగ్గర హవాయి చెప్పులతో పెళ్లికి వెళ్లినట్టు అనుకోండి. 'హవాయి చెప్పులు' అన్నది మనకు ఏ ఒక్క కంపెనీ పేరూ కానట్టే, వాళ్లకు 'అగ్ బూట్లు' కూడా ఏ ఒక్కరి పేరూ కాదు.

అసలు తగాదా 2003 చివర్లో ముదిరింది. డెక్కర్స్ తరఫు లాయర్లు ఆస్ట్రేలియాలోని చిన్నచిన్న తయారీదారులకు నోటీసులు పంపారు. ఆ మాట వాడటం ఆపేయండి, మీ వ్యాపారం పేరులోంచీ వెబ్‌సైట్ చిరునామాలోంచీ తీసేయండి అన్నది సారాంశం. తరాలుగా కుటుంబాలు నడుపుకుంటున్న కార్ఖానాలవి. తాతల నాటి నుంచీ అంటున్న మాటను ఎక్కడో అమెరికా కంపెనీ అనొద్దంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొందరు భయపడి పేర్లు మార్చుకున్నారు. కొందరు సంఘంగా ఏర్పడి ఎదురు తిరిగారు.

ఎదురు తిరిగినవాళ్లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో బూట్లు, గొర్రెతోళ్లు అమ్ముకునే మెక్‌డూగల్ దంపతులు ఉన్నారు. ఖరీదైన కోర్టు దారిని వదిలి వాళ్లు ట్రేడ్‌మార్క్ ఆఫీసునే ఆశ్రయించారు. ట్రేడ్‌మార్క్ చట్టంలో ఒక నియమం ఉంది. నమోదు చేసుకున్న పేరును చాలాకాలం వాడకుండా ఊరికే అట్టిపెట్టుకుంటే దాన్ని తొలగించమని ఎవరైనా కోరవచ్చు. డెక్కర్స్ వాడుతున్నది రెండు జీల పేరు, అట్టిపెట్టుకున్నది హెచ్ ఉన్న పేరు. 2006 జనవరిలో ఆఫీసు ఆ నమోదును కొట్టేసింది. ఎలా రాసినా, పలికినా ఆ మాట ఆస్ట్రేలియాలో ఒక రకం గొర్రెతోలు బూటుకు అందరూ వాడే పేరేనని తేల్చింది. అప్పటినుంచీ అక్కడ ఎవరైనా అగ్ బూట్లు తయారుచేసి, ఆ పేరుతోనే అమ్ముకోవచ్చు. డెక్కర్స్ లోగోను మాత్రం కాపీ కొట్టకూడదు. న్యూజిలాండ్‌లోనూ అది అందరి మాటే.

ఊరట కలిగించే తీర్పే గానీ, దాని బలం ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. డెక్కర్స్‌కు ఆ పేరు మీద 130కి పైగా దేశాల్లో హక్కులున్నాయి. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ లెదర్ అనే చిన్న కంపెనీకి ఇది చేదుగా తెలిసొచ్చింది. ఆ కంపెనీ వెబ్‌సైట్ ద్వారా అమెరికాలోని కొనుగోలుదారులకు వెళ్లినవి డజను జతలకు అటూ ఇటూగా ఉంటాయి. 2016లో డెక్కర్స్ షికాగో ఫెడరల్ కోర్టులో దావా వేసింది. యజమాని ఎడ్డీ ఓయ్‌గుర్ వెనక్కి తగ్గలేదు. మా దేశంలో ఇది సాధారణ పదం, దాన్ని ట్రేడ్‌మార్క్ చేయడమే చెల్లదు అని వాదించాడు. 2018లో జడ్జి ఆ వాదనను తోసిపుచ్చారు. 2019 మేలో జ్యూరీ 4,50,000 డాలర్లు కట్టాలంది. 2021 మేలో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ ఏడాది చివర్లో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది.

జడ్జి తర్కం ఏమిటో అర్థం చేసుకోకుండా అన్యాయం అని అరిచేస్తే మనకు దక్కేదేమీ లేదు. ట్రేడ్‌మార్క్ చట్టం మాట ఎక్కడ పుట్టిందని అడగదు. ఈ దేశంలో ఈ వస్తువు కొనేవాడికి ఆ మాట వినగానే ఏం తడుతుంది అని అడుగుతుంది. ఆస్ట్రేలియాలో 'అగ్' అంటే ఒక రకం బూటు. అమెరికాలో 'అగ్' అంటే ఒక కంపెనీ బూటు. అమెరికావాళ్లకు ఆ మాట తెలిసిందే ఆ కంపెనీ ద్వారా. సముద్రతీరంలో కొందరు సర్ఫర్లకు అంతకుముందే తెలిసుండవచ్చు గానీ, దేశంలోని బూట్ల కొనుగోలుదారులందరి తరఫునా వాళ్లను సాక్ష్యంగా తీసుకోలేం అన్నది కోర్టు మాట.

ఇంకో సిద్ధాంతం కూడా ఈ కేసులో చర్చకొచ్చింది. వేరే భాషలో వస్తువును చెప్పే సాధారణ పదాన్ని అమెరికాలో బ్రాండుగా పట్టుకోవడం కష్టం. కోర్టు దాన్ని అనువదించి చూస్తుంది. ఉదాహరణకు ఎవరైనా 'చెప్పులు' అని నమోదు చేయించి అమెరికాలో చెప్పులు అమ్మబోతే, తెలుగులో దాని అర్థమేమిటన్న ప్రశ్న వస్తుంది. అగ్ మాత్రం ఆస్ట్రేలియా ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం ఏముంటుంది కనుక ఆ సిద్ధాంతం ఇక్కడ వర్తించదన్నారు. నాకు ఈ ముక్క దగ్గరే మనసు చివుక్కుమంది. పరాయి భాషవాళ్లకు దొరికే రక్షణ, అదే భాషను తమ యాసలో మాట్లాడుకునేవాళ్లకు దొరకలేదు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ జెరాక్స్. అది ఒక కంపెనీ పేరు. మన నోట్లో పడి పని పేరు అయిపోయింది. "రెండు జెరాక్స్‌లు తీయించు" అంటాం, మిషన్ ఎవరిదని అడగం. అగ్ కథ దీనికి తలకిందులు: వస్తువు పేరే సముద్రం దాటాక కంపెనీ పేరైంది. ఆ నష్టం ఎలాంటిదో మనకు తట్టాలంటే గొంగడిని తీసుకుందాం. ఏదో దేశంలో గొంగడి అంటే ఎవరికీ తెలియదనుకోండి. మనవాడే ఒకడు అక్కడికి వెళ్లి 'గొంగడి' పేరును బ్రాండుగా పెట్టి, ఏళ్ల తరబడి కష్టపడి అమ్మి, చివరికి అక్కడి కంపెనీకి ఇచ్చేశాడు. ఆ తర్వాత మన నేతగాడు తాను నేసిన గొంగడిని గొంగడి అని ఆ దేశంలో అమ్మలేడు. 'దక్కనీ ఉన్ని కంబళి' అనుకోవాల్సిందే. అలా అన్నా కొనేవాళ్లు దాన్ని నకిలీ గొంగడి అనే అనుకుంటారు. చెల్లి స్నేహితురాలు అన్నది కూడా సరిగ్గా ఇదే.

నా అభిప్రాయం దాచుకోను. బ్రయాన్ స్మిత్ కష్టం నిజం, డెక్కర్స్ పెట్టిన ఖర్చూ నిజం. తెలియని దేశంలో ఒక పేరుకు విలువ తెచ్చినవాళ్లకు దాని మీద కొంత హక్కు ఉండటం సబబే. అయితే ఆ పేరు అమ్ముడుపోయిందే ఆస్ట్రేలియా అన్న తోకతో. చాలా ఏళ్లు ఆ లేబుల్ మీద 'అగ్ ఆస్ట్రేలియా' అనే ఉండేది. బూట్లు మాత్రం ఎక్కువగా చైనాలో, తర్వాత వియత్నాంలో కుట్టించేవారు. ఒక దేశం పేరును, ఆ దేశపు మాటను ముందు పెట్టుకుని వ్యాపారం చేస్తూ, ఆ దేశంలోనే ఆ బూట్లు కుట్టేవాళ్లకు నోటీసులివ్వడం నాకు ఏ కోణంలో చూసినా న్యాయం అనిపించదు.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి, గ్రీసు ఫెటా జున్నుకు యూరప్‌లో ఉన్న రక్షణ, అంటే ఆ ప్రాంతంవాళ్లే ఆ పేరు వాడాలన్న నియమం, అగ్‌కు ఎందుకు లేదని అడగవచ్చు. మనకూ ఆత్రేయపురం పూతరేకులకు, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆస్ట్రేలియాలో అలాంటి ప్రత్యేక చట్టం ఉన్నది వైన్‌కే. అదీగాక ఈ బూటును న్యూజిలాండ్ వాళ్లూ మొదటినుంచీ చేస్తున్నారు, కాబట్టి ఫలానా ఊరిది అని గీత గీయడం తేలిక కాదు. మన విషయంలో కూడా ఇక్కడ దొరికిన భౌగోళిక గుర్తింపు ఇక్కడి వరకే పనిచేస్తుందన్నది గుర్తుంచుకోవాలి. డార్జిలింగ్ టీ పేరును కాపాడుకోవడానికి టీ బోర్డు అమెరికాలో విడిగా నమోదు చేయించుకోవాల్సి వచ్చింది.

తగాదా ఇంకా చల్లారలేదు. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ నగరంలోని 'అగ్ సిన్స్ 1974' అనే కుటుంబ కంపెనీ డెక్కర్స్‌తో వివాదం తర్వాత, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తప్ప మిగతా ప్రపంచానికి తన పేరులోంచి అగ్‌ను తీసేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. బయట దేశాల్లో దాని పేరు ఇప్పుడు 'సిన్స్ 74'.

ఇక కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులు. "ఒరిజినలేనా" అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఫలానా కంపెనీదా అన్నది ఒకటి, నిజమైన గొర్రెతోలా అన్నది రెండోది. రెండో ప్రశ్నకు జవాబు మన వేళ్లే చెబుతాయి. లోపలి ఉన్నిని రెండు వేళ్లతో పాయలా విడదీసి అడుగున చూడండి. పోగులు తోలులోంచే మొలిచి ఉంటే అది గొర్రెతోలు. గుడ్డ నేత కనిపిస్తే కాదు. ఇందులో ఇంకో మెలిక ఉంది: అమెరికా కంపెనీ కూడా కొన్ని రకాల్లో తోలుకు బదులు, గుడ్డ మీద నాటిన ఉన్నిని వాడుతోంది. ఉన్ని నిజమైనదే, తోలు మాత్రం ఉండదు. పూర్తిగా సింథటిక్‌వి కూడా ఇదే ఆకారంలో దొరుకుతాయి, వాటిలో కాసేపటికే కాలు చెమటతో తడుస్తుంది. ఆస్ట్రేలియా దుకాణాల్లో అమ్మేవన్నీ అక్కడే కుట్టినవన్న భ్రమా వద్దు. ఆకుపచ్చ త్రికోణంలో బంగారు రంగు కంగారూ బొమ్మ ఉంటే అక్కడ తయారైనదన్న గుర్తు.

చెల్లికి మాత్రం ఫోన్‌లోనే ఇంకో మాట చెప్పాను. షికాగోలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. స్వేడ్ తోలుకు ఆ ఉప్పునీళ్లు పరమ శత్రువు, తెల్లటి చారికలు పడి తోలు బిరుసెక్కుతుంది. పొడి చలి రోజుల్లో వేసుకో, మంచు కరిగి బురదగా ఉన్న రోజు వద్దు. తడిస్తే హీటర్ పక్కన పెట్టకు, లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరనివ్వు, ఆరాక మెత్తటి బ్రష్‌తో దువ్వు. ఈ బూట్ల అడుగు చదునుగా, మెత్తగా ఉంటుంది, పాదానికి ఊతం తక్కువ, కాబట్టి మైళ్ల కొద్దీ నడకకు వేరే బూట్లు కొనుక్కో అని.

ఆ రాత్రి తను ఉన్నిని విడదీసి దగ్గరగా ఫొటో తీసి పంపింది. పోగులన్నీ తోలులోంచే మొలిచి ఉన్నాయి. లేబుల్ మీద కంగారూ బొమ్మ ఉంది.